పాత ఇల్లు కూల్చాలా, చల్లబరచుకోవాలా?

ప్రశ్న: మాది నల్లగొండ. నాకు 46 ఏళ్లు, ప్రైవేటు జూనియర్ కళాశాలలో అధ్యాపకుడిని. నెలకు 58 వేలు చేతికి వస్తుంది. నాన్నగారు 30 ఏళ్ల కిందట కట్టించిన వెయ్యి చదరపు అడుగుల స్లాబు ఇంట్లో ఉంటున్నాం. ఎండాకాలం పైనుంచి దిగే వేడికి ఇంట్లో ఉండలేకపోతున్నాం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నెలకు 360 యూనిట్లు, మిగతా నెలల్లో 230 యూనిట్ల కరెంటు కాలుతోంది. 30 లక్షల గృహరుణం తీసుకొని ఈ ఇల్లు కూల్చి కొత్తది కట్టమని కొందరు, 5 కిలోవాట్ల సోలార్ పెట్టించుకోమని కొందరు అంటున్నారు. ఎఫ్‌డీలో 6 లక్షలు ఉన్నాయి. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. దేవరకొండ దగ్గర మా ఊళ్లో తమ్ముడికి ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. ఇంకాస్త పెద్దగా కట్టుకోవడానికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెస్తానంటున్నాడు. మా ఇద్దరికీ ఏది మంచిదో చెప్పగలరు.

జవాబు: కూల్చే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. 30 లక్షల రుణాన్ని 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు తీసుకుంటే నెలసరి వాయిదా సుమారు 26 వేలు అవుతుంది. మీ చేతికొచ్చే జీతంలో అది 45 శాతం. గడువు ముగిసేసరికి మీకు 66 ఏళ్లు వస్తాయి, అసలు కంటే వడ్డీయే ఎక్కువ కట్టి ఉంటారు, పైగా అమ్మాయి పైచదువుల ఖర్చు సరిగ్గా ఈ వాయిదాల మొదటి నాలుగైదేళ్లలోనే వచ్చి పడుతుంది. గృహరుణం తీసుకుంటే పన్ను మిగులుతుందని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, అది మీకు వర్తించదు. కొత్త పన్ను విధానంలో మనం ఉంటున్న ఇంటి రుణ వడ్డీకి మినహాయింపు లేదు, మీ ఆదాయానికి అసలు పన్నే పడదు.

అయితే ఈ సలహా మీ స్లాబు గట్టిగా ఉంటేనే నిలుస్తుంది. ఒక చిన్న సుత్తితో గదిగదికీ కప్పు లోపలి వైపు తట్టించి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన చోట పెచ్చు ఊడదీయించి, లోపలి ఇనుప సలాక తుప్పు పట్టి పొరలుగా రాలుతోందా, లేక పైపైన మాత్రమే రంగు మారిందా అన్నది పరిశీలించాలి. ఈ పని మేస్త్రీ మాట మీద వదిలేయకుండా, రుసుము చెల్లించి ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించండి. అక్కడక్కడా పెచ్చులు మాత్రమే ఊడుతుంటే మరమ్మతుతో సరిపోతుంది. సలాకలను చాలా చోట్ల తుప్పు తినేసి ఉంటే మాత్రం భద్రత ముందు, లెక్కలు తర్వాత. అప్పుడు నాకు మళ్లీ రాయండి, తక్కువ రుణంతో చిన్న ఇల్లు కట్టుకునే మార్గం చూద్దాం.

ఇక మీ కరెంటు బిల్లు సంగతి. దీన్ని కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే మీకు అన్నిటికంటే తక్కువ ఖర్చుతో దొరికే లాభం ఇక్కడే ఉంది. మన తెలంగాణలో గృహ వినియోగం నెలకు 200 యూనిట్లు దాటకపోతే మొదటి 100 యూనిట్లకు 3.40 రూపాయల చొప్పున, తర్వాతి 100కు 4.80 చొప్పున పడుతుంది. 200 దాటిన నెలలో మాత్రం మొదటి యూనిట్ నుంచే 5.10 లెక్క మొదలై, 200 పైన 7.70, 300 పైన 9 రూపాయలు పడుతుంది. అంటే స్థిర ఛార్జీలు వదిలేసి చూస్తే, 200 యూనిట్లకు 820 రూపాయలు అయ్యే బిల్లు 201వ యూనిట్‌తో 1,027 దాటుతుంది. మీరు ఏడాదిలో తొమ్మిది నెలలు ఈ గీతకు 30 యూనిట్ల పైన నిలబడి నెలకు 1,251 రూపాయలు కడుతున్నారు.

పాత ఫ్యాను 70 నుంచి 75 వాట్లు తీసుకుంటే, బీఎల్‌డీసీ ఫ్యానుకు (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారు ఫ్యాను) 30 నుంచి 35 వాట్లు చాలు. రోజుకు 12 గంటలు తిరిగే ఫ్యాను ఒక్కొక్కటి నెలకు 14 యూనిట్ల పైనే ఆదా చేస్తుంది, నాలుగు మారిస్తే సుమారు 55 యూనిట్లు తగ్గుతాయి. అప్పుడు మీ 230 యూనిట్లు 175కు దిగి, బిల్లు 700 రూపాయలకు వస్తుంది. ఒక్కో ఫ్యాను 3 వేల చొప్పున 12 వేల పెట్టుబడికి, చలికాలంలో ఫ్యాన్లు తక్కువ తిరుగుతాయని తగ్గించి లెక్కవేసినా, ఏడాదికి 5 వేలు మిగులుతుంది. ఇంత రాబడి ఏ బ్యాంకు డిపాజిట్టులోనూ లేదు.

తర్వాతి ఖర్చు స్లాబు మీద పెట్టండి. పగలంతా ఎండకు కాగిన కాంక్రీటు రాత్రి దాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది, మీరు ఏసీ వేసి తోడేస్తున్నది ఈ వేడినే. తెల్లని కూల్ రూఫ్ పూత ఎండను చాలావరకు వెనక్కి తిప్పికొడుతుంది. రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించినప్పుడు ఇంటి లోపల 2 నుంచి 5 డిగ్రీల దాకా వేడి తగ్గుతుందని పేర్కొంది. చదరపు అడుగుకు 30 రూపాయలు అనుకున్నా 30 వేలలో పని పూర్తవుతుంది. అంత పెట్టలేనివారు సున్నం వేయించుకున్నా మేలే, కాకపోతే ఏటేటా మళ్లీ వేయించాలి. పగుళ్లు పూడ్చి, నీరు దిగకుండా చేయించిన తర్వాతే పూత వేయించండి. ఈ ఖర్చును బిల్లులో మిగిలే డబ్బుతో మాత్రమే కొలవవద్దు. మే నెల రాత్రి అమ్మాయి ప్రశాంతంగా నిద్రపోవడం కూడా ఈ ఇంటి నుంచి మీరు ఆశించవలసిన లాభమే.

సోలార్ మూడో మెట్టు. ఫ్యాన్ల వల్ల 55, పూత వల్ల ఏసీ వాడకంలో ఓ 25 యూనిట్లు తగ్గుతాయనుకుంటే వేసవి నెలల్లో 280, మిగతా నెలల్లో 175, మొత్తం ఏడాదికి సుమారు 2,400 యూనిట్లు మీకు కావాలి. ఒక కిలోవాట్ సోలార్ పలకలు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి కాబట్టి 2 కిలోవాట్లతోనే ఏడాదికి 2,900 యూనిట్ల దాకా వస్తాయి. 5 కిలోవాట్లు మీకు ఎందుకు? ఇళ్లపై సోలార్‌కు కేంద్రం సాయం చేసే పీఎం సూర్యఘర్ పథకంలో రాయితీ 1 కిలోవాట్‌కు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేలు. ఆపైన ఎంత పెట్టినా అదే 78 వేలు. మిగులు కరెంటును గ్రిడ్‌కు, అంటే విద్యుత్ సంస్థ లైనుకు ఇస్తే వచ్చే ధర మనం కొనే ధర కంటే తక్కువ. 2 కిలోవాట్లకు 1.4 లక్షలు అయితే రాయితీ పోగా మీ చేతి నుంచి 80 వేలు పడుతుంది, ఏడాదికి 10 వేల దాకా మిగిలి ఎనిమిదేళ్లలో తిరిగి వస్తుంది. రాయితీ నెట్ మీటర్ (మనం తీసుకున్న, ఇచ్చిన కరెంటు రెండూ లెక్కించే మీటరు) బిగించాక మీ ఖాతాలో పడుతుంది కనుక మొదట పూర్తి సొమ్ము సిద్ధంగా ఉండాలి. పలకల ఇనుప కాళ్లు స్లాబులోకి దిగుతాయి, ఒకసారి బిగించాక కింద నీరు కారితే మళ్లీ విప్పించే ఖర్చు మీదే. స్లాబు మరమ్మతు ముందు కావాలనడానికి కారణం ఇదే.

మీ 6 లక్షల్లో రెండున్నర లక్షలు అత్యవసర నిధిగా కదపకుండా ఉంచండి. మరమ్మతు, పూత, ఫ్యాన్లు, సోలార్ అన్నీ కలిపి రెండు, రెండున్నర లక్షల్లో ముగించి, మిగిలినది అమ్మాయి చదువుకు పెట్టుకోండి. కొత్త అప్పు అవసరం లేదు.

మీ తమ్ముడి విషయంలో నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షలు తెస్తే నెలకు 6 వేలు వడ్డీకే పోతుంది, అసలు అక్కడే ఉంటుంది. ఇందిరమ్మ ఇంటికి ప్రభుత్వం ఇచ్చే 5 లక్షలు పని జరిగే కొద్దీ దశలవారీగా వస్తాయి, పైగా 600 చదరపు అడుగులు దాటితే బిల్లు ఆగిపోతుంది. 400 నుంచి 450 అడుగుల్లోనే కట్టుకొని, తర్వాత చేతిలో డబ్బు ఉన్నప్పుడు పైకి వెళ్లేలా పునాది, పిల్లర్లు వేయించుకోమనండి. దగ్గరలో దొరికితే ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ఇటుకలు, నేలకు టైల్స్ బదులు తాండూరు బండలు వాడితే ఖర్చు తగ్గుతుంది, బండ నేల ఎండాకాలం చల్లగా కూడా ఉంటుంది. ఎదురెదురు గోడలకు కిటికీలు తప్పకుండా పెట్టించాలి. అతనికి రేషన్ కార్డు ఉండి 200 యూనిట్ల లోపు వాడితే రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద బిల్లు సున్నా వస్తుంది. కాబట్టి అతను సోలార్‌కు ఒక్క రూపాయి పెట్టినా మిగిలేది ఏమీ ఉండదు.

ఆ డబ్బేదో వాన నీటి ట్యాంకుకు పెట్టమనండి. ఆ ప్రాంతపు బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంత బాధ పెట్టిందో మీకు నేను చెప్పనక్కర లేదు, వాన నీటిలో అది ఉండదు. 450 అడుగుల స్లాబు మీద ఏడాదిలో 700 మిల్లీమీటర్ల వాన పడితే, వృథా పోగా సుమారు 23 వేల లీటర్లు పట్టుకోవచ్చు. తొలి వాన వదిలేసి, తర్వాతి నీటిని వడగట్టి మూత ఉన్న ట్యాంకులో నింపుకుంటే వంటకు, తాగడానికి మిషన్ భగీరథ కుళాయి నీటికి తోడుగా ఉంటుంది. దీనికి కావలసిన వాలు, గొట్టం దారి స్లాబు పోయకముందే మేస్త్రీకి చూపించాలి.