ఫ్రిస్కో అడ్రస్, స్కూల్ మాత్రం ప్రాస్పర్ ఎందుకు?

అమ్మకానికి పెట్టిన ఇంటి లిస్టింగ్‌లో అడ్రస్ ఫ్రిస్కో (డాలస్ దగ్గరి ఊరు) అని, స్కూల్ డిస్ట్రిక్ట్ మాత్రం ప్రాస్పర్ అని ఉంటే, అది తప్పు కాకపోవచ్చు. టెక్సస్‌లో ఊరి హద్దు వేరు, స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దు వేరు. ఫ్రిస్కో ఊళ్లోనే కొన్ని ఇళ్లు ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ డిస్ట్రిక్టుల్లో ఉన్నాయి. పక్క ఊరు ప్లేనోలో కొన్ని ఇళ్లేమో ఫ్రిస్కో ఐఎస్‌డీ (స్కూల్ డిస్ట్రిక్ట్) కిందికి వస్తాయి.

మీరు చూసిన ఇంటికి ఇలా చేయండి:

1. కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే ఆఫీసు) సైట్‌లో అడ్రస్ కొట్టండి. స్కూల్ ట్యాక్స్ ఏ ఐఎస్‌డీకి పోతోందో అదే మీ డిస్ట్రిక్ట్.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఆ ఐఎస్‌డీ సైట్‌లోనే ఇంటి నంబరుతో సహా వెతికి ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూల్ మూడూ విడివిడిగా చూడాలి. రోడ్డుకు ఇటు ఒక హైస్కూల్, అటు ఇంకోటి పడొచ్చు. మా వీధిలో అంతే.

3. దగ్గర్లో కొత్త స్కూల్ కడుతుంటే ఏ ఇంటికి ఏ స్కూల్ అనే జోన్ మారొచ్చు. ఆప్షన్ పీరియడ్ (కొనే ఒప్పందం నుంచి వెనక్కి తగ్గడానికి ఉండే గడువు) అయిపోకముందే ఐఎస్‌డీ ఆఫీసుకు ఫోన్ చేయండి. ఏజెంటు మాట ఒక్కటే చాలదు.