చెప్పాపెట్టకుండా వచ్చే ఇన్‌స్పెక్టర్లు

ప్రశ్న: ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ ఒకప్పుడు ఆర్థికశాఖలో ఇన్‌స్పెక్టర్‌గా చేశారట. ఏమిటండీ ఆ ఉద్యోగం?

జవాబు: పేరు చూసి చిన్న ఉద్యోగం అనుకోకండి! నెపోలియన్ కాలంలో ఖజానా లెక్కలు చూడ్డానికి వేసిన ఇన్‌స్పెక్టర్లే దీనికి మూలం. 1816లో ఆర్థికశాఖ తనిఖీ విభాగంగా స్థిరపడింది. చెప్పాపెట్టకుండా ఊళ్లలోని ఖజానా కార్యాలయాలకు వెళ్లి, ముందు పెట్టెలో నగదు లెక్కపెట్టేవారు. ఆ పూట క్యాషియర్ టెన్షన్ ఊహించుకోండి! 1945లో పెట్టిన పాలనా శిక్షణ సంస్థ ‘ఏనా’లో పై ర్యాంకుల వాళ్లకే ఇందులో చోటు దక్కేది. మాజీ అధ్యక్షుడు జిస్కార్ దెస్తాన్ కూడా ఇక్కడివారే. నాకు మింగుడుపడనిది ఒక్కటే, కొన్నేళ్లకే చాలామంది బ్యాంకుల్లోకి వెళ్లిపోవడం. మాక్రాన్ 2004లో చేరి, 2008లో రోత్‌షీల్డ్ బ్యాంకుకు మారారు. తమాషా ఏమిటంటే, 2023 నుంచి ఆ కేడర్‌లోకి కొత్త నియామకాలు ఆపించింది ఆయన హయాంలోని సంస్కరణే. విభాగం మాత్రం ఉంది.