అడగండి చెబుతాం: కంప్యూటర్లు అమ్మేవాళ్లు డయలప్ సర్వీసు పెట్టొచ్చా? (1998 తర్వాత, ఫోన్ లైను మీద డయల్ చేసి ఇంటర్నెట్‌కు కలిసే డయలప్ రోజుల నాటి ప్రశ్నలూ జవాబులూ ఇవి.)

ప్రశ్న: రిచీ స్ట్రీట్‌లో కంప్యూటర్లు అసెంబుల్ చేసి సొంత బ్రాండుతో అమ్ముతున్నాం. ప్రతి సెట్టుకీ మోడెమ్ (ఫోన్ లైను మీద కంప్యూటర్ని నెట్‌కు కలిపే పరికరం) ఇస్తున్నాం కదా, ఇంటర్నెట్ కనెక్షనూ మనమే ఇద్దాం అంటున్నారు మా భాగస్వాములు. దిగొచ్చా? (చెన్నై పాఠకుడు)

జవాబు: దిగొచ్చు గానీ మేమైతే వద్దంటాం. 1998 నవంబరులో ప్రైవేటు ఐఎస్‌పీలకు (ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే కంపెనీలకు) దారి తెరిచాక లైసెన్సు పెద్ద సమస్య కాదు. 1998 నాటి లైసెన్సు నిబంధనల్లో చెన్నైది ‘బి’ కేటగిరీ, 20 లక్షల బ్యాంకు గ్యారంటీ చూపాలన్నారు. అసలు ఖర్చు ఆ తర్వాతే.

వెయ్యిమంది చందాదారులు అనుకోండి. పదిమందికి ఒక లైను వాడుకలో ఉన్న లెక్క. అంటే 100 లైన్లు. ఎక్స్ఛేంజి నుంచి వచ్చే ఒక్కో ఈ1 డిజిటల్ లైనులో 30 కాల్స్ పడతాయి కాబట్టి నాలుగు ఈ1లు కావాలి. మామూలు ఫోన్ లైన్లే తెచ్చి ర్యాకులో మోడెమ్‌లు పేరిస్తే చవగ్గా పోతుందని ఎవరైనా అంటే వినకండి. వీ.90 అనే మోడెమ్ ప్రమాణంలో 56కె (సెకనుకు 56 కిలోబిట్లు) వేగం రావాలంటే మీ వైపు డిజిటల్ లైనే ఉండాలి, లేకపోతే ఎంత మంచి మోడెమైనా 33.6 దాటదు. ఇక బయటికి వెళ్లే లింకు 64 కిలోబిట్లదైతే ఇద్దరు ఫైళ్లు దించుకుంటే చాలు, మిగతా 98 మందికి పేజీ కదలదు. కాల్ ముగిసిన కబురు, ఎవరెంతసేపు వాడారో లెక్కరాసే రేడియస్ సర్వరుకు అందకపోతే కస్టమరు ఖాతాలో గంటలు నడుస్తూనే ఉంటాయి, పొద్దున్నే కస్టమరు మీ కౌంటర్ దగ్గరుంటాడు.

రాత్రి తొమ్మిదింటికి ఎంగేజ్ టోన్ వచ్చినా తిట్లు మీ కంప్యూటరుకే. మాకు అన్నిటికన్నా భయం అదే.

ఆపిల్ అంతటిది 1994 జూన్‌లో ఈవరల్డ్ అనే ఆన్‌లైన్ సర్వీసు పెట్టి 1996 మార్చిలో మూసేసింది. అది మాకింతోష్ వాళ్లకే పరిమితమైంది, పైగా ఖరీదు. కంప్యూసర్వ్ అనే అమెరికా ఆన్‌లైన్ కంపెనీ కథ వేరు: 1979లో, రాత్రిళ్లు ఖాళీగా ఉండే తన పెద్ద కంప్యూటర్లనే ఇళ్లవాళ్లకు అద్దెకిచ్చింది. మీ దగ్గర అలా ఊరకే పడున్నదేమీ లేదుగా.

వీఎస్‌ఎన్‌ఎల్, సత్యం ఆన్‌లైన్ లాంటి కంపెనీల ఇంటర్నెట్ ప్యాకులే సెట్టుతో కలిపి అమ్మండి. డయలప్ కనెక్షన్ మీరే పెట్టి పంపండి. విండోస్‌లో ఆ కనెక్షన్ సెట్టింగుల్లోని సర్వర్ టైప్స్‌లో నెట్‌బ్యూయి, ఐపీఎక్స్ అనే అక్కర్లేని ప్రొటోకాల్స్ టిక్కులు తీసేసి, ఇంటర్నెట్ వాడే టీసీపీ/ఐపీ ఒక్కటే ఉంచితే త్వరగా లాగిన్ అవుతుంది. మోడెమ్ డ్రైవర్ ఫ్లాపీలో ఇవ్వడం మర్చిపోవద్దు, అది పోతే నెట్‌లోంచి దించుకోవడానికి మోడెమే పనిచేయదు!

ప్రశ్న: 56కె మోడెమ్ కొన్నా సెకనుకు 31,200 బిట్ల వేగం దగ్గరే కలుస్తోంది. ఎందుకు? (బెంగళూరు పాఠకురాలు)

జవాబు: హాల్లోని ప్యారలల్ ఫోన్లన్నీ ఊడదీసి, లైను ఇంట్లోకి వచ్చే పెట్టె దగ్గరే మోడెమ్ తగిలించి చూడండి. వేగం పెరిగితే తప్పు ఇంటి వైరింగుది. పెరక్కపోతే ఎక్స్ఛేంజికీ మీకూ మధ్య ఒకే జత తీగల మీద రెండు కనెక్షన్లు నడుపుతున్నారేమో లైన్‌మన్‌ని అడగండి. అలాంటి లైన్ మీద 56కె రాదు, మోడెమ్ మార్చి డబ్బు తగలేయకండి.