మోకాళ్ల నొప్పులతో జపాన్ కోటలు చూడగలమా?

ప్రశ్న: మా అబ్బాయి ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. మేమిద్దరం వచ్చే నెల అక్కడికి వెళుతున్నాం. మా వారికి మోకాళ్ల నొప్పులు. ఏవేవి చూడవచ్చో తెలియజేయగలరు.
– ఒక పాఠకురాలు, దేవరకొండ, నల్లగొండ జిల్లా

జవాబు: ఒసాకా కోట ప్రధాన భవనాన్ని 1931లో కాంక్రీటుతో పునర్నిర్మించారు కనుక లోపల లిఫ్టు ఉంది, మీ వారు నిశ్చింతగా చూడవచ్చు. హిమేజీ కోట సంగతి వేరు. 1609లో పూర్తయిన ఆ కలప కట్టడంలో పాదరక్షలు విడిచి, సంచిలో వేసుకుని, నిటారుగా ఉండే ఇరుకు చెక్కమెట్లు ఎక్కాలి. వారిని బయటి మైదానంలో కూర్చోబెట్టి మీరు, అబ్బాయి వెళ్లి రండి. తెల్లని ఆ కోట అందం అక్కడి నుంచీ కనిపిస్తుంది.

నా మాటగా, నారా నగరాన్ని మాత్రం వదులుకోకండి. నాగార్జునకొండకు పొరుగునే ఉన్న జిల్లా నుంచి వెళ్లేవారికి అక్కడి తోదైజీ ఆలయం పరాయిగా తోచదు. సుమారు 15 మీటర్ల ఎత్తున్న అక్కడి కాంస్య బుద్ధునికి 752లో నేత్రోన్మీలనం (విగ్రహానికి కళ్లు తెరిపించే క్రతువు) చేసినవాడు మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. ఆచార్య నాగార్జునుణ్ణి కూడా జపాన్ బౌద్ధులు తమ గురుపరంపరలో పూజిస్తారు. దారిలోని పార్కులో జింకలు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. వాటికోసం అక్కడ అమ్మే బిళ్లలే పెట్టండి. చూపించి ఊరిస్తే కరుస్తాయి.

మ్యూజియాలకు చాలావరకు సోమవారం సెలవు. ఆ రోజు ప్రభుత్వ సెలవైతే తెరిచి, సాధారణంగా మరునాడు మూసివేస్తారు.