పేరు చూడకుండానే విశ్వనాథ్ గారి సినిమా అని ఎలా తెలుస్తుందంటే

టైటిల్స్ చూడకుండా మధ్యలోంచి సినిమా పెడితే అది ఎవరు తీసిందో చెప్పగలరా, దేన్నిబట్టి చెబుతారు అని అడిగారు. కొందరి విషయంలో ఇది తేలికే. గోదావరి, లాంచీ, ఆ ఒడ్డు మీద మనుషుల వింత మాటలు కనబడితే వంశీ. రైలు, వాన, సగం చీకట్లో మొహాలు ఉంటే మణిరత్నం. హిచ్‌కాక్ చాలా సినిమాల్లో తనే ఏదో ఒక మూల నుంచి నడిచి వెళ్లిపోతాడు, జపాన్ దర్శకుడు ఓజు కెమెరాని చాప మీద కూర్చున్న మనిషి చూపు దగ్గరే పెడతాడు. నాకు బాగా తెలిసింది మాత్రం కె. విశ్వనాథ్ గారి సినిమాలు, అందుకని వాటి గురించే చెబుతాను.

ఆయన గుర్తు ఏమిటంటే ఎవరైనా సంగీతం, నాట్యం అంటారు, ఇంకా కాస్త గమనించినవాళ్లు 'స'తోనో 'శ'తోనో మొదలయ్యే పేర్లు అంటారు. శంకరాభరణం దాకా రాకముందే సిరిసిరిమువ్వ ఉంది, తర్వాత సప్తపది, సాగరసంగమం, స్వాతిముత్యం, సిరివెన్నెల, స్వయంకృషి, స్వర్ణకమలం, సూత్రధారులు, అలా వరస. నిజమే గానీ ఇవన్నీ పైకి కనిపించేవి. నా లెక్కలో ఆయన అసలు సంతకం వేరే ఉంది. కథలో అన్నిటికంటే పెద్ద మాటని ఆయన ఎవరి నోటా చెప్పించరు. ఆ మాట చేత్తోనో కాలితోనో జరుగుతుంది.

ఇది నాకు అర్థమవడానికి చాలా ఏళ్లు పట్టింది. చిన్నప్పుడు తెనాలిలో మా ఇంట్లో టీవీలో సాగరసంగమం వస్తోంది, ఆదివారం మధ్యాహ్నం. తాగిన బాలు వానలో బావి అంచు మీద నాట్యం చేసే పాట. మాకు పిల్లలకి వాడు బావిలో పడతాడేమోనన్న టెన్షన్ తప్ప ఇంకేమీ పట్టలేదు. అతను ప్రేమించిన మాధవి వస్తుంది. తన భర్త పోయాడన్న సంగతి బాలుకి తెలిస్తే తట్టుకోలేడని బొట్టు పెట్టుకుని వస్తుంది. వానకి ఆ కుంకుమ తడిసిపోతుంటే, ఆ బొట్టు ఎందుకుందో తెలియని బాలు అది చెరిగిపోకూడదని చెయ్యి అడ్డం పెడతాడు. మా నాయనమ్మ వెనకాల గుమ్మం దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. తాతయ్య పోయినప్పటి నుంచి ఆవిడ బొట్టు పెట్టుకోలేదు. నేను ఎందుకో వెనక్కి తిరిగి చూశాను, ఆవిడ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది, చెయ్యి ఆగిపోయింది, కళ్లు టీవీ మీదే ఉన్నాయి. పాట అయిపోయాక మళ్లీ ఈనెలు తీయడం మొదలుపెట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ చెయ్యి ఎందుకు ఆగిందో ఉద్యోగంలో చేరాక ఆ సినిమా ఒంటరిగా మళ్లీ చూసినప్పుడు గానీ నాకు తెలియలేదు, తెలిశాక అడగడానికి ఆవిడ లేదు.

అదే సినిమాలో ఇంకొకటి చూడండి. ఢిల్లీలో జరగబోయే నృత్యోత్సవం పుస్తకం మాధవి బాలు చేతికి ఇస్తుంది. పేజీలు తిప్పుతూ పెద్ద పెద్ద కళాకారుల ఫోటోలు చూసి మురిసిపోతుంటాడు, తిప్పగా తిప్పగా ఒక పేజీలో తన ఫోటోనే. "నీకు అవకాశం వచ్చింది" అని ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు, వేరేవాళ్లయితే చెప్పేసేవారు కూడా. ఈయన మనచేత ఆ పేజీలన్నీ తిప్పిస్తారు.

ఆయన సినిమాల్లోకి వచ్చింది సౌండ్ రికార్డిస్టుగా, మద్రాసు వాహినీ స్టూడియోలో. దర్శకుడిగా మొదటి సినిమా ఆత్మగౌరవం 1965లో. శబ్దంతో అన్నేళ్లు పనిచేసిన మనిషి కాబట్టే ఎక్కడ ఆపాలో ఆయనకి అంత బాగా తెలుసని నా నమ్మకం. సిరిసిరిమువ్వలో నాట్యం చేసే అమ్మాయికి మాట రాదు. సిరివెన్నెలలో వేణువు వాయించేవాడికి చూపు లేదు, బొమ్మలు వేసే అమ్మాయికి మాట లేదు. ఇద్దరి మధ్యా మాట నడవడానికి దారే లేకుండా కథ అల్లుకున్నారంటే ఆ పట్టుదల చూడండి. స్వాతిముత్యంలో శివయ్య సీతారాముల కల్యాణంలో తాళి తీసుకెళ్లి లలిత మెడలో కట్టేస్తాడు, వితంతు వివాహం మీద ఉపన్యాసం ఉండదు.

రెండో గుర్తు, విద్య చేతులు మారడం. శంకరాభరణం చివర కచేరీలో సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రి పాడలేకపోతే, ఆయన్ని గురువుగా కొలిచే తులసి కొడుకు అందుకుంటాడు. సాగరసంగమంలో బాలు నాట్యం మాధవి కూతురు శైలజకి చేరుతుంది. ఈ రెండింట్లో అందుకున్నవాళ్లు గురువు సొంత బిడ్డలు కారు, బయటివాళ్లు.

అయితే శంకరాభరణంలో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది. తులసి శంకరశాస్త్రి పాదాల దగ్గరే ప్రాణం విడవడం. ఆ బిడ్డని కని, ఆయన దగ్గరికి చేర్చి, అన్నీ భరించిన మనిషికి అంతేనా దక్కేది అనిపిస్తుంది. సంప్రదాయాన్ని మరీ నెత్తిన పెట్టుకుంటారని విశ్వనాథ్ గారి మీద ఉన్న మాటలో కొంత నిజం ఉంది, అభిమానినైనా కాదనలేను. కానీ చెప్పులు కుట్టే సాంబయ్యని పెట్టి స్వయంకృషి తీసిందీ ఆయనే. కులం దాటి మనసిచ్చిన పిల్లని పెద్దాయనే దగ్గరుండి ప్రియుడి దగ్గరికి పంపే సప్తపది 1981లో తీసిందీ ఆయనే. స్వర్ణకమలంలో నాట్యగురువు కూతురు మీనాక్షి చేత నాట్యం తిండి పెట్టదని అనిపించారు, ఆ మాటకి బలం కూడా ఇచ్చారు, తండ్రి మొహం చూస్తున్నా మనకి ఆ పిల్ల మీద కోపం రాదు.

మీరు కొత్తగా మొదలుపెడితే స్వర్ణకమలం ముందు చూడండి. శంకరాభరణం తర్వాత చూడొచ్చు. డైలాగుల కంటే మీనాక్షి కాళ్ల మీద చూపు పెట్టండి. మొదట్లో గజ్జెలు కట్టుకునేటప్పుడు ఎంత చిరాకుగా ఉంటుందో, చివరికి అవే కాళ్లు ఎలా కదులుతాయో, మధ్యలో ఏం జరిగిందో ఎవరూ విడమరచి చెప్పరు.