మీ ఇంటి ఫ్రిజ్ మీ అక్కగారెందుకు తీస్తున్నారు?

ప్రశ్న: నా వయసు 61. రాజమండ్రిలో సొంతింట్లో ఒక్కదాన్నే ఉంటాను. టీచరుగా రిటైరయ్యాను, పెన్షన్ వస్తుంది. మావారు పోయి రెండేళ్ళు కావస్తోంది. మొన్న ఏప్రిల్‌లో కోడలు పిల్లల్ని తీసుకుని వచ్చినప్పుడు మల్లెపూలు కొని నాకూ ఓ మూర ఇచ్చింది. పెట్టుకున్నాను. రెండు వీధుల అవతల ఉండే మా అక్క అది చూసి అందరి ముందూ "మా మరిది పోయి రెండేళ్ళన్నా కాలేదు, అప్పుడే సోకులా?" అంది. అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది అక్కే. ఆవిడ 34 ఏళ్ళకే భర్తను పోగొట్టుకుంది. నా వయసు ఒంటరి ఆడది నలుగురూ తప్పు పట్టకుండా ఈ వేసవిలో చేసుకోదగ్గ చిన్న చిన్న సరదాలు నాలుగైదు చెప్తారా?

జవాబు: ఆ జాబితా మీ ఉత్తరంలోనే ఉందండీ. మెయిన్ రోడ్డుకి వెళ్ళి రోజ్ మిల్క్ తాగుతానని, తెలిసినవాళ్ళు కనబడితే మనవలకి పార్సిల్ కోసం వచ్చానంటానని రాశారు. చిన్న రసాలు మీరే డజను కొనుక్కుని, అబ్బాయి పంపాడని అక్కగారికి చెప్పారు. ముంజలు తిని, ఆవిడ వచ్చేలోపల తొక్కలు వీధి చివర పారేసి వచ్చారు. మీకేం ఇష్టమో మీకు బాగా తెలుసు. సొంత పెన్షన్‌తో కొనుక్కున్న పండు దొంగచాటుగా తినడమేమిటో నాకే అర్థం కావడం లేదు.

"నలుగురూ తప్పు పట్టకుండా" అని రాశారు. ఆ నలుగురిలో మిగతా ముగ్గురెవరో ఉత్తరమంతా వెతికినా నాకు కనబడలేదు. పూలు కొనిచ్చింది కోడలు. అబ్బాయి ఏమీ అనలేదు. పక్కింటావిడ బాగున్నాయని కూడా అంది. ఇక మిగిలింది అక్కగారొక్కరే. రోజూ సాయంత్రం ఆరింటికి వచ్చి ముందు ఫ్రిజ్ తీసి చూస్తారని ఎంత మామూలుగా రాశారో! అక్కడే నేను ఆగిపోయాను.

ఆవిడ చెడ్డ మనిషని నేననను. 34 ఏళ్ళకి పదో రోజున పూలూ గాజులూ తీయించి కూర్చోబెడితే, ఎవరూ ఇదేమిటని అడక్కపోతే, ఆ నియమమే సరైనదని నమ్మడం తప్ప ఆవిడకి ఇంకో దారి లేకపోయింది. ఇన్నేళ్ళు గడిచాక చెల్లెలు మూర మల్లెలు పెట్టుకుని నవ్వుతూ తిరిగితే, తను ఊరికే పోగొట్టుకున్న వేసవులన్నీ ఆవిడకి లెక్కకొస్తాయి. ఆ మాటలో మీ మీద కోపం పావువంతే ఉంటుంది. అయినా సరే, ఆవిడకి జరిగిన అన్యాయానికి జరిమానా మీరు కట్టనక్కర్లేదు.

పెంచిన రుణం సంగతి రాశారు. ఆ రుణం నిజమే, తీర్చవలసిందే. ఒంట్లో బాగోకపోతే దగ్గరుండి చూసుకోండి, ఆస్పత్రి ఖర్చు పెట్టుకోండి, పండక్కి చీర పెట్టండి. తల్లిలాంటి అక్క విషయంలో ఇందులో తగ్గమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. మీ తలలో పూలు మాత్రం ఆ పద్దులోకి రావు.

అసలు రాజమండ్రి నుంచి ఈ ఉత్తరం రావడమే నాకు కొంచెం కోపం తెప్పించింది. వితంతువుల పెళ్ళికి చట్టం 1856లో వచ్చింది. వీరేశలింగం గారు 1881 డిసెంబరులో మీ ఊళ్ళోనే అలాంటి మొదటి పెళ్ళి జరిపించారు. ఊరంతా వెలివేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే నీళ్ళు మోసి వంట చేసి పెట్టారు. అదే ఊళ్ళో, బళ్ళో పిల్లలకి చదువు చెప్పిన మీరు, మల్లెపూలకి నన్ను అనుమతి అడుగుతున్నారు! బొట్టు గురించి కూడా ఒక వాక్యం రాసి కొట్టేశారు. కొట్టేసినా చదవగలిగాను. అది మీ నుదురు, మీ ఇష్టం. నన్నూ అడక్కండి.

సరే, అడిగారు కనుక నా ఇష్టాలు రెండు మూడు చెప్తాను. పండ్లలో బంగినపల్లి మర్యాదస్తుల పండు, కోసి ప్లేటులో పెట్టి చుట్టాలకి ఇవ్వడానికి బాగుంటుంది. ఒంటరిగా ఉన్నప్పుడు చిన్న రసమే. ఓ గంట నీళ్ళలో నానేసి, మెత్తగా నలిపి, ముచిక తీసి, సొన రెండు చుక్కలు పిండేసి, మోచేతుల దాకా కారుతున్నా పట్టించుకోకుండా జుర్రుకోవాలి. ఎవరూ చూడని ఇల్లుంది మీకు, అదృష్టవంతులు. షుగరుందన్నారు కాబట్టి అన్నం తిన్న వెంటనే వద్దు, ఎంత తినొచ్చో మీ డాక్టరుని అడిగి విడిగా తినండి. ఆవకాయ ఒక్కరికే ఎందుకని మానేశానన్నారు. నాలుగు కాయలైనా పెట్టండి. కలిపిన బేసిన్‌లో వేడన్నం వేసి, నెయ్యి చుట్టి తినే ఆ ముద్ద కొన్న సీసాలో ఎక్కడ దొరుకుతుంది? మల్లెలు మధ్యాహ్నం మొగ్గలుగా కొని తడిగుడ్డలో చుట్టి ఉంచండి, ఆరింటికి విచ్చుకుంటాయి. సరిగ్గా అక్కగారు వచ్చే వేళకి.

ఆ వేళకి తలలో పెట్టుకునే ఉండండి. ఫ్రిజ్‌లో పండ్లు ఎక్కడివని ఆవిడ అడిగితే "నేనే కొనుక్కున్నాను" అనండి. ఇంకో మాట కలపొద్దు. కారణాలు చెప్పడం మొదలుపెట్టారంటే మళ్ళీ మనవల పార్సిల్ దాకా వెళ్ళిపోతారు. ఆవిడ అలిగి రెండు రోజులు రాకపోతే రానివ్వండి. మూడో రోజు రసాలు తీసుకుని మీరే వెళ్ళండి. తినమని బలవంతపెట్టొద్దు. పూలు మాత్రం అసలు తీసుకెళ్ళొద్దు. ఆవిడకి కావాలంటే ఆవిడే అడగాలి, డెబ్భై ఏళ్ళ మనిషికి మనం విప్లవం నేర్పక్కర్లేదు.

అబ్బాయి చేత పెద్దమ్మకి ఫోన్ చేయించి చెప్పిద్దామనుకుంటున్నానని చివర్లో రాశారు. వద్దు. కొడుకు నోటితో చెప్పిస్తే ఈ సరదా అతను ఇప్పించినట్టవుతుంది, రేపు అతను వద్దంటే మానుకోవలసి వస్తుంది. పైగా అరవై ఏళ్ళుగా మీ ఇద్దరి మధ్య ఉన్న మాటలోకి హైదరాబాద్‌లో ఉన్న పిల్లాణ్ణి లాగడం అక్కగారికి కూడా అవమానమే. మీరే చెప్పండి, ఈ వారంలోనే. రోహిణి కార్తె దాటితే రసాలూ తగ్గిపోతాయి.