అచ్చు పడకముందా, పడ్డంకనా?

నల్లగొండ

అల్లుడూ,

టంకశాలల తప్పుపడ్డ నాణేలని నువ్వు దేవరకొండ అంగడిల కొన్న బిళ్లల ఫొటోలు చూసిన. ఫొటో చూసి తీర్పు చెప్పలేను గాని, ఎట్ల చూడాల్నో చెప్త. అంచు తెగిందా, నలిగిందా అన్నది తర్వాత. టంకశాలల అచ్చు పడకముందు అయ్యిందా, పడ్డంక అయ్యిందా, ముందు అది తేల్చు.

మొదలు తూకం. అవుసలోళ్లు వాడే, 0.01 గ్రాము దాక చూపే చిన్న మిషను కొను. 1992ల మొదలైన రాగి-నికెల్ అయిదు రూపాయల బిళ్ల 9 గ్రాములు, 23 మిల్లీమీటర్లు. ఆ కాలపు స్టీలు రూపాయి 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు. అరుగుడుకు ఇంచుక తగ్గుతది, అది లెక్క పెట్టకు. అంచు కొరికినట్టుండి తూకం నిండుగుంటే లోహం ఎటూ పోలే, దెబ్బకు పక్కకు జరిగింది. వేలితో రాస్తే గట్టు తగుల్తది.

తూకం తగ్గింది, టంకశాల తప్పేనని సంబరపడకు, ఆకురాయితో రుద్దినా తగ్గుతది. గిప్పుడు పది రెట్ల భూతద్దం తియ్యి. రేకుల నుంచి బిళ్ల కోసేటప్పుడు అంతకుముందు పడ్డ బొక్క మీదికి కోత పడితే చందమామ లెక్క కొరుకు వస్తది. ఆ బిళ్ల అంచు లేపే మిషన్ల పోతున్నప్పుడు కొరుకు దగ్గర ఒత్తిడి అందదు, దానికి సరిగ్గ ఎదురంచుకూ అందదు. అందుకే ఎదురుపక్క అంచు సన్నగ, మాసిపోయినట్టు కనవడాలె. అన్నింట్ల ఇది కొట్టొచ్చినట్టు ఉండదు, చిన్న కొరుకుల్ల మరీ తక్కువ. అప్పుడు అక్షరాలు చూడు. అసలుదాంట్ల కొరుకు దగ్గరికొచ్చేసరికి అవి సాగి, పలచబడి జారిపోతయి. కోసినదాంట్ల నిండు ఎత్తుతోటి వచ్చి కత్తి పెట్టినట్టు ఆగుతయి.

చుట్టు కట్టు, అంటే అచ్చు పడేటప్పుడు బిళ్లను చుట్టూ పట్టి ఉంచే కడెం, లేకుండ అచ్చు పడ్డ బిళ్ల వెడల్పయితది, అంచు లేవదు, తూకం మాత్రం మారదు. ఉంగరం కోసం చుట్టూ కొట్టింది దానికి ఉల్టా: అడ్డం కొలత తగ్గి అంచు లావయితది. దీన్నే తప్పుపడ్డ బిళ్లని అమ్ముతరు, పైలం.

లోహపు పొర దానంతట అదే లేచిన గుంతల నారలాంటి గీతలు ఒకే దిక్కుకుంటయి. ఉలితో గీకితే గుంత మెరుస్తది, కొసకు లోహం కుప్పయితది.

చింతపండు పెట్టి తోమకు, ఆ గీతలే మన సాక్ష్యం. కొరుకున్న రూపాయిని మంచి రూపాయి పక్కన పెట్టి, పక్కనుంచి వెలుతురు పడేటట్టు, ఎదురంచు కనవడేటట్టు మల్ల ఫొటో తీసి పంపు.

మీ మామ